మన ఇంటి వెండి మంచిదేనా?

బంగారం విషయంలో వున్న జాగ్రత్త మనకు వెండి విషయంలో వుండదు. ఒక జత గాజులు చేయించుకుంటే నలుగురికీ చూపించి, గీటు పెట్టించి, రశీదు పెట్టెలో భద్రంగా దాచుకుంటాము. వెండి కుంకుమభరిణె మాత్రం ఎవరు ఇస్తే వారిదగ్గర పుచ్చుకుని, తెల్లగా మెరుస్తోంది గనుక వెండే అనుకుని దేవుడి దగ్గర పెట్టేస్తాము. పూర్వం అలా జరిగిపోయింది. 2025లో కిలో వెండి ధర లక్ష రూపాయలు దాటిన తరువాత మాత్రం చాలా ఇళ్ళలో బీరువా అడుగున వున్న గిన్నెలూ, గ్లాసులూ ఒక్కసారి వెలుగులోకి వచ్చాయి. వాటితోపాటు అనుమానాలూ వచ్చాయి.

మా ఇంట్లోనూ వచ్చాయి. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. లోహాల సంగతి నాకు బొత్తిగా తెలియదు. అయినా ఇంట్లో చదువుకున్నవాడినన్న పేరు వుండడంవల్ల పరీక్ష చేసే భారం నా నెత్తిన పడింది. అప్పుడు నేర్చుకున్న విద్యా, చేసిన తప్పూ రెండూ చెబుతాను. విద్య మీకు ఉపయోగిస్తుంది. తప్పు అంతకంటె ఎక్కువ ఉపయోగిస్తుంది.

మా అమ్మ సంవత్సరీకాలకు అమలాపురంలో తమ్ముడి ఇంట అందరం కలుసుకున్నాము. చివరి ఆరేళ్ళూ అమ్మ వాళ్ళ దగ్గరే వుంది. కార్యక్రమం అయిన మర్నాడు అక్కయ్య అమ్మ వెండిపెట్టె తెరిపించింది. రెండు కంచాలు, ఒక మరచెంబు, గంధపు గిన్నె, పన్నీరుబుడ్డి, మేము ముగ్గురమూ పాలు తాగిన ఉగ్గుగిన్నె, గృహప్రవేశంలో ఎవరెవరో ఇచ్చిన గ్లాసులు, గుడ్డసంచిలో పాత రూపాయలు, అమ్మకు పుట్టింటివారు పెళ్ళిలో పెట్టిన దీపపు కుందులు జత. ఒక్కొక్కటీ చాపమీద పెడుతూ వుంటే ప్రాణం ఉసూరుమంది.

ఇంతలో అక్కయ్య ఒక కుందిని తిరగేసి చూసి, "ఇదేమిటిరా, ఇక్కడ పచ్చగా కనిపిస్తోంది? ఇత్తడిలా లేదూ?" అన్నది. కుంది కాడ, పీఠం కలిసేచోట వేలెడంత మేర నిజంగానే పసుపురంగు కనిపిస్తోంది. రెండో కుందికి అది లేదు.

"వీటిని ఎప్పుడైనా బయటకు ఇచ్చారా?" అని అడిగింది అక్కయ్య.

మా మరదలు కాఫీలు తెస్తూ ఆ మాట విన్నది. "రెండేళ్ళ కిందట కాడ వూడిపోతే బజారులో అతికించుకొచ్చాము వదినా. అత్తయ్యగారే ఇమ్మన్నారు" అన్నది. తరువాత ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే పెద్ద మాట అయింది. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్ళింది.

"ఉండండి, పరీక్ష చేస్తే తేలిపోతుంది" అన్నాను నేను. ఇక మా ఇంట్లో పరీక్షలు మొదలైనాయి. వాటిని వరసగా చెబుతాను.

మొదటిది కంటితో చూడడం. తెల్లగా, నున్నగా, మెత్తగా వుండేది మంచి వెండి అని కౌటిల్యుడు అర్థశాస్త్రంలోనే చెప్పాడు. కాని ఆయన కాలంలో విద్యుత్తుతో పూత వేసేవారు లేరు. ఇప్పుడు రాగికీ, ఇత్తడికీ కూడా పైన ఇంత వెండి పూసి నిలబెడితే ఎవరికీ తెలియదు. కనుక మెరుపును నమ్మక, ఎక్కువగా రాపిడి పడే చోట్లు చూడాలి. గ్లాసు అంచు, చెంబు అడుగు, గిన్నె పిడి చూడండి. ఏళ్ళ తరబడి విభూతితోనో, పళ్ళపొడితోనో తోమితే పూత ముందు అక్కడే అరుగుతుంది. అడుగునుంచి ఎర్రగానో, పచ్చగానో మరో లోహం తొంగిచూస్తుంది. మా గ్లాసుల్లో ఒకదాని అంచు అలాగే బయటపడింది.

తరువాత ముద్రలు చూడాలి. పాత దొరల కాలపు చెంచాలమీద, టీ పాత్రలమీద ఇ.పి.ఎన్.ఎస్. అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు వుంటాయి. అదేదో గొప్ప ముద్ర అనుకుని దాచుకున్నవారు వున్నారు. నికెల్ కలిసిన తెల్లలోహానికి విద్యుత్తుతో వెండిపూత వేసినది అని దాని అర్థం. 925 అని వుంటే వెయ్యిపాళ్ళలో 925 పాళ్ళు వెండి అని చెప్పడం. అయితే అంకెలు చెక్కడానికి ఒక ఉలి చాలు. అందుచేత ఉత్త అంకెను బట్టి నిర్ణయించకూడదు. మన దేశంలో వెండికి హాల్ మార్కు పద్ధతి 2005లో వచ్చింది. 2025 సెప్టెంబరు 1 నుంచి ఆ ముద్రతోపాటు ప్రతి వస్తువుకూ ఆరు అక్షరాలూ, అంకెలూ కలిసిన ప్రత్యేక సంఖ్య కూడా వేసే ఏర్పాటు చేశారు. భారతీయ ప్రమాణాల సంస్థవారి బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్ లో ఆ సంఖ్య కొట్టి చూస్తే వస్తువు వివరాలు కనిపిస్తాయి. ఈ ఏర్పాటు చేసినప్పుడు బంగారానికి వలె వెండికి హాల్ మార్కు తప్పనిసరి చెయ్యలేదు. కనుక కొనేవారే నోరు తెరిచి అడగాలి. అమ్మ పెట్టెలో వున్నవన్నీ అంతకు పూర్వపువి గనుక మాకు ఆ ఆధారం లేకపోయింది.

ఇక అయస్కాంతం. ఇది పిల్లలకు ఇష్టమైన పరీక్ష. వెండి అయస్కాంతానికి అంటుకోదు. అంటుకుంటే లోపల ఇనుమో, నికెలో వున్నట్టే. మా మేనల్లుడు అయస్కాంతం తెచ్చి రూపాయల సంచిలో పెట్టాడు. ఒక రూపాయి టక్కున ఎగిరి అంటుకున్నది. "దొంగ రూపాయి!" అని వాడు కేక పెట్టాడు. తీసి చూస్తే 1947 రూపాయి. అది దొంగది కాదు, అలాగని వెండిదీ కాదు.

ఇక్కడ రూపాయి కథ కొంచెం చెప్పాలి. రూప్యం అంటే సంస్కృతంలో వెండి. రూపాయి అన్న పేరు అందులోనుంచే వచ్చింది. 1835లో ఈస్టిండియా కంపెనీవారు ఏర్పరచిన రూపాయి సుమారు 11.66 గ్రాముల తూకం, అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. ఈ పాలు నూరేళ్ళకు పైగా మారలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో వెండికి కరువు వచ్చి, 1940లో దానిని సగానికి సగం చేశారు. 1947 నాటికి వెండి పూర్తిగా పోయి నికెల్ రూపాయి వచ్చింది. నికెల్ గనుక అయస్కాంతానికి అంటుకున్నది. మీ ఇంట్లో మామ్మగారి రూపాయలు వుంటే వాటిమీది సంవత్సరమే మొదటి పరీక్ష. 1919 నాటి రూపాయీ, 1944 నాటి రూపాయీ తూకానికి ఒకటే గాని, వెండికి ఒకటి కావు.

అయస్కాంతానికి అంటుకోలేదు గదా, ఇక వెండే అని సంతోషించకండి. రాగి అంటుకోదు, ఇత్తడి అంటుకోదు, అల్యూమినియం అంటుకోదు. జర్మన్ సిల్వర్ కూడా మామూలుగా అంటుకోదు. ఆ పేరులో సిల్వర్ వున్నదే గాని లోహంలో వెండి రవ్వంత కూడా లేదు. రాగి, నికెల్, తుత్తునాగం కలిపి చేసినది. మా కుందులు రెండూ అయస్కాంతాన్ని లక్ష్యపెట్టలేదు. అక్కయ్య అనుమానం తీరలేదు.

వేడి పరీక్ష మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే, పరీక్ష అని తెలియదు అంతే. వెండి గ్లాసులో పొగలు కక్కే కాఫీ పోసి ఇస్తే చెయ్యి కాలి కింద పెట్టెయ్యడం ఎవరికి అనుభవం కాదు? లోహాలన్నిటిలోకీ వేడిని త్వరగా లాగేది వెండి. అందుకే వెండి పళ్ళెంలో మంచుముక్క పెట్టినా మామూలు కంటె తొందరగా కరుగుతుంది. జర్మన్ సిల్వర్ గ్లాసు ఇంత చురుగ్గా కాలదు. అయితే ఈ విషయంలో రాగి వెండికి కొద్దిగానే వెనకబడి వుంటుంది. వెండిపూత వేసిన రాగి గ్లాసు ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది.

నలుపెక్కడం మరొకటి. గాలిలోని గంధకపు పదార్థాలు తగిలి వెండి నల్లబడుతుంది. ఎన్నాళ్ళు వాడకుండా దాచినా నిగనిగలాడుతూ వుండే గ్లాసును అనుమానించవచ్చు. కాని పైన పూసినది వెండే అయినప్పుడు ఆ పూత కూడా నల్లబడుతుంది. మరొక వైపు, ఇప్పటి వస్తువులకు కొన్నిటికి నలుపు రాకుండా పైన వేరే పూత వేస్తారు. అంటే నల్లబడినదల్లా వెండి కాదు, నల్లబడనిదల్లా దొంగదీ కాదు. మోగించి చూసే పరీక్షా ఇంతే. రూపాయిని వేలిమీద నిలిపి గోటితో మీటితే ఖంగుమంటుంది గాని, ఆ నాదం ఎరిగిన చెవి వుండాలి. అది మాలో ఎవరికీ లేదు.

ఇక అందరూ చెప్పేది నత్రికామ్లం చుక్క వేసి చూడడం. ఇది ఇంట్లో చెయ్యవద్దు. ఒంటిమీద పడితే చర్మం కాలుతుంది, కంట్లో పడితే కన్ను పోతుంది, దాని పొగ ఊపిరితిత్తులకు చెరుపు. పైగా మంచి వస్తువు మీద చెరగని మచ్చ పడుతుంది. పని తెలిసినవారి చేతిలో వుండవలసిన మందు అది.

చివరిది తూకం పరీక్ష. ఇంట్లో చెయ్యగలిగినవాటిలో అన్నిటికంటె గట్టిది ఇదే. మా అబ్బాయి నేర్పాడు. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు చాలు. ముందు వస్తువును మామూలుగా తూచి బరువు రాసుకోవాలి. తరువాత ఒక పాత్రలో నీళ్ళు పోసి త్రాసుమీద పెట్టి, అంకెను సున్నా చెయ్యాలి. వస్తువును సన్నని దారానికి కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా నీళ్ళలో మునిగేలా వేలాడదీసి పట్టుకోవాలి. గాలిబుడగలు వుండకూడదు. అప్పుడు త్రాసు ఎన్ని గ్రాములు చూపిస్తే ఆ వస్తువు అన్ని ఘన సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తున్నదన్న మాట. మొదటి బరువును ఈ అంకెతో భాగించాలి. శుద్ధమైన వెండికి దాదాపు 10.5 వస్తుంది. 925 వెండికి 10.3 పైచిలుకు. పదికి దిగితే, కలిసినది రాగి అయినప్పుడు, వెండి నూటికి డెబ్బై పాళ్ళ ప్రాంతం. రాగికి 9కి కొంచెం తక్కువ, జర్మన్ సిల్వరుకూ ఇత్తడికీ 8.5 అటూ ఇటూ, అల్యూమినియానికి 2.7.

మా కంచం 420 గ్రాములు, నీళ్ళలో 41. భాగిస్తే 10.24. అందరం చప్పట్లు కొట్టాము. అంచు అరిగిన గ్లాసు 96 గ్రాములు, నీళ్ళలో 11. అంటే 8.7. దానిని వేరే పెట్టాము. మెట్టెలు, చిన్న గిన్నెలవంటివాటికి ఈ పరీక్ష పనికిరాదు. ఒక్క గ్రాము తేడా వస్తే లెక్క తారుమారవుతుంది.

ఆ తరువాత అక్కయ్య పచ్చమచ్చ వున్న కుందిని నా ముందు పెట్టింది. 560 గ్రాములు. నీళ్ళలో 110. భాగిస్తే 5కి కొంచెం పైన!

నేను రెండుసార్లు వేలాడదీసి చూశాను. అదే అంకె. "ఇది వెండి కాదు" అన్నాను. ఆ మూడు మాటలూ ఎంత తేలికగా వచ్చాయో తలచుకుంటే ఈనాటికీ సిగ్గుగా వుంటుంది. అతికించడానికి ఇచ్చినచోట మార్చేశారని బావగారు అన్నారు. అక్కయ్య నోరు విప్పలేదు. తమ్ముడు లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. మరదలు ఆ రాత్రి తలనొప్పి అని భోజనానికి రాలేదు.

నిద్రపట్టక పడుకున్నవాణ్ణి, అర్ధరాత్రి ఒక సందేహం వచ్చి లేచి కూర్చున్నాను. జర్మన్ సిల్వర్ అయితే ఎనిమిదిన్నర రావాలి. ఇత్తడి అయినా అంతే. అయిదు ఎలా వచ్చింది? అయిదు వచ్చే లోహం మన వంటింట్లో ఏదీ లేదే! రెండో కుందిని, పచ్చమచ్చ లేనిదాన్ని, నేను అసలు నీళ్ళలో పెట్టనేలేదు. దీపం వేసి, చప్పుడు కాకుండా త్రాసు తీసి దానినీ చూశాను. దానికీ అయిదే వచ్చింది. బజారుకు వెళ్ళని కుందిని ఎవరు మార్చారు?

తెల్లవారగానే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, ఆ వూళ్ళో నలభై ఏళ్ళుగా వెండిపని చేస్తున్న ఒక ఆచారిగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన కుందిని చేతిలోకి తీసుకుని, వేలితో తట్టి, నా లెక్క అంతా ఓపికగా విన్నాడు.

"మాష్టారూ, మీ లెక్క తప్పు కాదు. కాని మీరు తూచింది వెండిని కాదు, వెండినీ లక్కనూ కలిపి" అన్నాడు.

కుందుల కాడా, పీఠమూ పలచని రేకుతో డొల్లగా చేస్తారట. సొట్టలు పడకుండా, దీపం ఒరిగిపోకుండా లోపల లక్కా, ఇటుకపొడీ కలిపి కరిగించి పోస్తారట. మా అనుమతితో ఆయన అడుగురేకు విప్పి సెగ చూపించాడు. లక్క వాసన గుప్పున వచ్చింది. నల్లని ముద్దలు జారిపడ్డాయి. గోడలన్నీ తుడిచి తూస్తే వెండి 440 గ్రాములు, మిగిలిన 120 గ్రాములూ లక్క. రేకు అంచును గీటురాయిమీద గీసి, పక్కనే తనకు తెలిసిన వెండితో మరో గీటు గీసి, రెండూ పోల్చి చూపించాడు. పాతకాలపు మంచి వెండే అన్నాడు. ఇంటికి వచ్చి ఆ 440 గ్రాముల ఉత్త కుందిని నీళ్ళలో వేలాడదీస్తే 43 చూపించింది. భాగించుకోండి, 10.2.

"మరి ఆ పచ్చమచ్చ?" అని అడిగితే ఆయన నవ్వాడు. "అతుకు వెయ్యడానికి వెండిలో కొంచెం ఇత్తడి కలిపి టంకం చేస్తాము బాబూ. అది లేకపోతే కరగదు. అతుకు దగ్గర పసుపు కనిపిస్తే పనివాడు అతికాడని అర్థంగాని, మార్చాడని కాదు" అన్నాడు.

మేము అద్వైతం చెప్పేటప్పుడు శుక్తిరజతం అనే ఉదాహరణ వస్తుంది. దారిలో మెరుస్తున్న ముత్యపుచిప్పను చూసి వెండి అని భ్రమపడడం. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు ఇది విడమరిచి చెబుతున్నాను. తీరా నా వంతు వచ్చేసరికి, చేతిలో వెండి పెట్టుకుని చిప్ప అన్నాను. మొదటి భ్రమలో చెడేది ఆశ ఒక్కటే. నా భ్రమలో ఒక మనిషి పరువు చెడబోయింది.

ఇంటికి వచ్చి మరదలితో, "అమ్మాయ్, తప్పు నాది. లెక్క వేశాను గాని ఆలోచించలేదు" అన్నాను. ఆ పిల్ల కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మీరు వేలాడదీసింది కుందినే బావగారూ. నాకు మాత్రం ఆరేళ్ళు చేసిన చాకిరీని నీళ్ళలో వేలాడదీసినట్టయింది" అన్నది. దానికి జవాబు నా దగ్గర లేదు. అక్కయ్యే లేచి వెళ్ళి కుందులు రెండూ ఆమె ఒళ్ళో పెట్టింది. "ఇవి అమ్మ దీపం పెట్టిన ఇంట్లోనే వుండాలి" అన్నది. వాటాలలో ఆ జత లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు మీకు నా సలహా. ఇంట్లో చేసే పరీక్షలు చాలావరకు "ఇది వెండి కాదు" అని చెప్పగలవు. "ఇది వెండే" అని పూర్తిగా చెప్పలేవు. "వెండి కాదు" అన్నప్పుడు కూడా వస్తువు డొల్లదేమో, లోపల లక్క వుందేమో, అతుకు వుందేమో ముందు చూసుకోవాలి. కంచం, గ్లాసు, గిన్నెవంటి వాటికి తూకం పరీక్ష చక్కగా పనిచేస్తుంది. కుందులకు, లోపల పూడ్చిన విగ్రహాలకు, బోలు పిడులున్న వస్తువులకు పనిచెయ్యదు. జంట వస్తువులలో ఒకదానిని అనుమానిస్తే రెండోదానినీ చూడండి. ఆ ఒక్క పని ముందే చేసివుంటే మా ఇంట్లో ఒక రాత్రి భోజనం చెడేది కాదు.

అనుమానం తీరకపోతే పరీక్షాకేంద్రానికి తీసుకువెళ్ళండి. పెద్ద దుకాణాలలో ఎక్స్ రే యంత్రం వుంటుంది. వస్తువుకు దెబ్బ తగలకుండా పాళ్ళు చెబుతుంది. అయితే అది చూసేది పైపొరనే గనుక, మందంగా పూత వేసిన వస్తువు దానిని కూడా మోసగించవచ్చు. కనపడని మూల కొంచెం అరగదీసి అక్కడ చూడమనండి. కొత్తగా కుందులూ, విగ్రహాలూ కొనేటప్పుడు మాత్రం, "ఇందులో లక్క ఎంత? తూకంలో తీసేశారా?" అని అడిగి, రశీదులో వెండి తూకం వేరుగా రాయించుకోండి. వెండి ధరకు లక్క కొనుక్కోవడం ఎందుకు?

ఒకటి మాత్రం మరచిపోకండి. వస్తువును ఎంతసేపైనా పరీక్షించవచ్చు. దానిని దాచిపెట్టినవారిని పరీక్షించేముందు మాత్రం లెక్క మరొక్కసారి వేసుకోండి.